చేప బిల్డింగ్ లాంటివి ఇంకెక్కడున్నాయి? మీరు కళ్ళారా చూసినవే చెప్పండి

మెహదీపట్నం_బస్సు (శనివారం రాత్రి)

నిన్న రాత్రి శంషాబాద్ నుంచి మా చెల్లెల్నీ మేనల్లుణ్ణీ ఇంటికి తీసుకొస్తున్నా. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పిల్లర్ నంబర్ 235 దగ్గరికి రాంగనే వాడు సీట్ల లేచి నిలబడి ఒకటే అరుపు. చీకట్లో నీలం లైట్లు, వాటి మధ్యలో ఇంత పెద్ద స్టీలు చేప. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఆఫీసు అది. 2012 నుంచి అక్కడే ఉంది. వారానికి మూడుసార్లు దాని పక్క నుంచే పోతా గానీ, తల తిప్పి చూసి ఎన్నేండ్లయిందో.

వాడు అడిగింది ఒకటే. "మామా, అది ఏం చేప?"

నాకు తెల్వదు. మా చెల్లె కొరమీను అన్నది. బావకు ఫోన్ చేస్తే బొచ్చె అన్నడు. ఇంటికి చేరేదాకా కార్ల అదే పంచాయితీ.

కాబట్టి రెండు ప్రశ్నలు. అది ఏం చేప? ఇట్లా చూడంగనే బ్రేకు మీద కాలు పడే కట్టడాలు మీరు ఎక్కడ చూసిన్రు? నెట్ల దొరికే "టాప్ టెన్" లిస్టులు దయచేసి పెట్టకండి.

సాగరతీరం

మృగశిర కార్తె రోజు నాంపల్లిలో చేపమందు మింగడానికి వచ్చే జనానికి చోటు సరిపోక కొంతమందిని ఇక్కడికి పంపుతారేమో. మింగడానికి మాత్రం కొంచెం పెద్దది.

కట్టుబడి

ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను, కొంచెం క్లాసు పీకుతాను, భరించండి.

ఈ రకం బిల్డింగులకి మా సబ్జెక్టులో ఒక పేరుంది: "బాతు". నిజంగానే బాతు. అమెరికాలో లాంగ్ ఐలాండ్‌లో బాతులు పెంచే రైతు ఒకాయన 1931లో బాతు ఆకారంలో కొట్టు కట్టించి, అందులో బాతుల్నీ గుడ్లనీ అమ్మాడు. తర్వాత రాబర్ట్ వెంచూరి, డెనిస్ స్కాట్ బ్రౌన్ అనే ఆర్కిటెక్ట్ దంపతులు దాన్ని చూసి బిల్డింగుల్ని రెండు జాతులుగా విడగొట్టారు. తను అమ్మే సరుకు ఆకారాన్నే ఒంటికి తెచ్చుకుంటే బాతు. మామూలు డబ్బా కట్టి ముందు పెద్ద బోర్డు తగిలిస్తే "అలంకరించిన షెడ్డు". అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లన్నీ రెండో జాతి. మన చేప మొదటి జాతి.

కేంద్ర ప్రజా పనుల శాఖ వాళ్ళు దీన్ని కట్టారంటే మా క్లాసులో ఎవడూ మొదట నమ్మలేదు. ప్రభుత్వ ఆఫీసు అనగానే గుర్తొచ్చేది పసుపు సున్నం, పొడుగాటి వరండా, ఇనప బీరువా. 1992 ఒలింపిక్స్‌కి బార్సిలోనా సముద్రం ఒడ్డున ఫ్రాంక్ గేరీ చేసిన చేప ఒకటుంది, దీన్ని చూడగానే అదే గుర్తొస్తుంది. అయితే అది బొమ్మ, కింద నీడ తప్ప ఇంకేం ఇవ్వదు. మనది అలా కాదు, పొట్టలో ఫైళ్ళు కదులుతుంటాయి.

మా ప్రొఫెసర్లు నవ్వుతారు. నాకు మాత్రం ఇష్టమే.

కొలంబస్_కోడలు

కట్టుబడీ, నువ్వు బాతు అంటుంటే నాకు బుట్ట గుర్తొచ్చింది. మేముండేది ఒహాయోలో, కొలంబస్. ఇక్కడికి నలభై నిమిషాల దూరంలో న్యూఆర్క్ అని చిన్న ఊరుంది. అక్కడ లాంగబర్గర్ అని చేత్తో అల్లిన బుట్టలమ్మే కంపెనీ తన హెడ్డాఫీసుని ఏడంతస్తుల బుట్టగా కట్టుకుంది, 1997లో. అచ్చం మన పూలబుట్టే! పైన రెండు పిడులు కూడా ఉన్నాయి. చలికాలం వాటి మీద మంచు గడ్డకట్టి కింద అద్దాల కప్పు మీద పడకుండా పిడుల్ని వేడి చేసే ఏర్పాటు కూడా పెట్టారట.

మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు నయాగరా చూపించాం, వాషింగ్టన్ చూపించాం. ఊరికెళ్ళాక అందరికీ ఆవిడ చెప్పింది మాత్రం ఈ బుట్ట గురించే. "అంత బుట్ట కట్టారే, లోపల తమలపాకంత చోటు కూడా ఖాళీ లేకుండా ఆఫీసేనటే" అని.

బాధేంటంటే, 2016లో ఉద్యోగులు ఆ బిల్డింగ్ ఖాళీ చేసి వెళ్ళిపోయారు. 2018లో కంపెనీయే మూతపడింది. బుట్టలు లేవు, బుట్ట ఉంది. వేరేవాళ్ళు కొనుక్కుని ఏం చేసుకుంటారు దాన్ని? డబ్బా బిల్డింగైతే ఏ బ్యాంకో ఏ ఆసుపత్రో వస్తుంది. బుట్టలో ఏ బ్యాంకు ఖాతా తెరుస్తుంది?

మెహదీపట్నం_బస్సు

అక్కా, అంటే రేపు మన మత్స్య మండలి ఆఫీసు వేరే చోటికి మారితే చేప సంగతేంది?

సాగరతీరం

బిర్యానీ హోటల్. ఇందులో ఆలోచించడానికేముంది బ్రో.

ఒసాకా_ఒంటరి

ఆకారం కాదు, ఉన్న చోటు వింతైతే కూడా లెక్కలోకి వస్తుందా? అయితే నాదొకటి.

జపాన్‌లో ఒసాకాలో పని చేస్తాను. ఇక్కడ గేట్ టవర్ బిల్డింగ్ అని పదహారంతస్తులది ఉంది. ఐదు, ఆరు, ఏడు అంతస్తుల్లోంచి ఎక్స్‌ప్రెస్‌వే దిగే రోడ్డు ఒకటి దూసుకుపోతుంది. పక్క నుంచి కాదు, పై నుంచి కాదు. కడుపులోంచి. లిఫ్టు నాలుగో అంతస్తు తర్వాత ఎనిమిదిలోనే ఆగుతుంది. కింద లాబీలో ఏ అంతస్తులో ఎవరున్నారో రాసిన బోర్డులో 5 నుంచి 7 దాకా అద్దెకున్నది హన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే.

కథేంటంటే, ఆ స్థలం తరతరాలుగా కట్టెలు, బొగ్గు వ్యాపారం చేసిన కుటుంబానిది. వ్యాపారం తగ్గి, పాత బిల్డింగులు పాడై, 1983లో కొత్తది కట్టుకోవడానికి ఒప్పందం కుదిరేసరికి, ఆ స్థలం మీదుగా రోడ్డు ప్లాను అప్పటికే గీసేశారు. వాళ్ళు స్థలం వదలం అన్నారు. ఐదేళ్ళు నడిచాయి బేరాలు. చివరికి చట్టాన్నే సవరించి, ఒకే చోట రోడ్డూ బిల్డింగూ పైకీ కిందకీ ఉండొచ్చని తేల్చారు. 1992లో పూర్తయింది.

మొదటిసారి చూసినప్పుడు లోపల కూర్చున్నవాళ్ళకి టీ కప్పులు వణుకుతాయేమో అనుకున్నాను. ఏం వణకవు. రోడ్డు బిల్డింగుని ఎక్కడా తాకదు, దాని స్తంభాలు దానివే. చుట్టూ చప్పుడు రాకుండా గొట్టంలా కప్పారు. ఒకే చెప్పుల స్టాండులో రెండు కుటుంబాల చెప్పులున్నట్టు, ఎవరివి వాళ్ళవి.

పెంకుటిల్లు

ఒసాకా తమ్ముడూ, మాకు ఐదేళ్ళు బేరాలాడే భాగ్యం దక్కలేదు.

మాది జిల్లా కేంద్రం కూడా కాని ఊరు. రోడ్డు వెడల్పు చేస్తామని ఎర్ర రంగుతో మా గోడ మీద గీత గీసి వెళ్ళారు. గీతకి ముందున్నదంతా వాళ్ళది, వెనకున్నది మాది. పొక్లెయిన్ వచ్చి కేకు కోసినట్టు కోసింది. ముందు గది పోయింది. పైకి వెళ్ళే మెట్లలో కింది ఆరు పోయి, పైవి పది మిగిలాయి, గాల్లో. మా నాయనమ్మ పెళ్ళికి వేయించిన గులాబీ రంగు సున్నం, దేవుడి గూడు, క్యాలెండర్ మేకు, అన్నీ నడిరోడ్డుకి కనబడేవి. ఆ గోడకి ప్లాస్టరింగ్ చేయించడానికి డబ్బు కుదిరేలోపు ఏడాదిన్నర మా పూజగది ఊరందరిదీ. బస్సులో వెళ్ళేవాళ్ళు దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు, నవ్వుకోకండి, నిజం.

మన టౌన్లలో ఏ మెయిన్ రోడ్డుకెళ్ళినా ఇలా సగానికి తెగిన మేడలు వరసగా కనిపిస్తాయి. అరడుగు మందం షాపులు, తలుపు తీస్తే డ్రైనేజీ మీదే అడుగు. వింత కట్టడాలంటే ఇవి కూడా లెక్కపెట్టండి.

కొలంబస్_కోడలు

గాల్లో పది మెట్లు... ఫోటో ఉందా అండీ?

పెంకుటిల్లు

ఉంది. పెట్టను. మా నాన్న ఆ ఫోటో చూస్తే అన్నం తినరు.

సాగరతీరం

సరే, నేను కూడా ఒకటి. వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసుర. సోవియట్లు కట్టిన సబ్‌మెరైన్. 1969 నుంచి 2001 దాకా నేవీలో పని చేసి, 2002లో ఒడ్డెక్కింది. తొంభై మీటర్ల పైచిలుకు పొడుగు. సముద్రం లోపల తిరగాల్సింది సముద్రానికి ఎదురుగా ఇసకలో కాంక్రీటు దిమ్మల మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. రోడ్డుకి అటుపక్క టీయూ-142 విమానం, 2017 నుంచి. గాల్లో ఎగరాల్సిందీ నీళ్ళలో మునగాల్సిందీ రెండూ నేల మీద ఎదురూ బొదురూ. మధ్యలో మురీ మిక్చర్ బండి.

కట్టుబడి

గురువుగారూ, సబ్‌మెరైన్ బిల్డింగ్ ఎలా అవుతుంది?

సాగరతీరం

పునాది ఉంది, మెట్లున్నాయి, టికెట్ కౌంటరుంది, సోమవారం సెలవుంది. ఇంకేం కావాలి?

ఓరుగల్లు_పిల్ల

రామప్ప గుడి గురించి ఎవ్వరూ అంటలేరేంది? 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిండు. శిఖరం ఇటుకలు నీళ్ళల్ల ఏస్తే తేలుతయి, పునాది కింద ఇసుక పెట్టె. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. చూడనీకి వింతగ ఉండదు కని, లోపల కథ వింత. నేల కుంగి నాట్యమంటపం ఒంకర్లు పోయింది గని గుడి నిలబడ్డది. అంతే, నేను ఎక్కువ రాయ, పోయి చూడుండ్రి.

నల్లమల_నీడ (ఆదివారం మధ్యాహ్నం)

పెంకుటిల్లు అక్క పోస్టు చదివినాక రాద్దామా వద్దా అని రాత్రంతా అనుకున్నా.

మాది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. కృష్ణ ఒడ్డున ఊరు. ఊరి పేరు రాయను, రాసినా మ్యాపులో నీళ్ళే కనపడతాయి. 1981లో శ్రీశైలం డ్యాము నీళ్ళొస్తాయని వందకు పైగా ఊళ్ళను లేపినారు, అందులో మాదొకటి. మా నాయనకి అప్పుడు పందొమ్మిదేళ్ళు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా "98 జీవో" అంటే తింటా తింటా అందరూ తలెత్తుతారు. మునిగిన ఊళ్ళోళ్ళకి ఉద్యోగాలిస్తామన్న సర్కారు ఉత్తర్వు అది.

ఆ నీళ్ళలోనే సంగమేశ్వరం గుడి ఉంది. ఏడు నదులు కలిసే చోటంటారు: తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి. మునిగినాక ఇరవై ఏళ్ళ పైన ఎవరికీ కనపడలేదు. 2003లో నీళ్ళు బాగా దిగిపోతే మొదటిసారి బయటపడింది. ఆ తర్వాత దాదాపు ప్రతి ఎండాకాలం తేలుతుంది. డ్యాము నిండుమట్టం 885 అడుగులు. 840 కిందికి దిగినాకే గుడి మొత్తంగా కనపడేది. అందుకే మా వైపు ఫిబ్రవరి నుంచి జనం పేపర్లో వార్తల కంటే ముందు శ్రీశైలం మట్టం చూస్తారు.

లోపల లింగం రాయి కాదు. వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠ చేసినాడని కథ. భీముడు కాశీ నుంచి లింగం తెచ్చేసరికి ముహూర్తం దాటిపోతుందని వేపకట్టెతో చేసి పెట్టేసినారంట, భీముడికి కోపమొచ్చి తెచ్చిన లింగాన్ని విసిరేసినాడంట. కోపంలో అన్యాయం లేదు, కాశీ దగ్గరేం కాదు.

జులై, ఆగస్టులో పైనుంచి నీళ్ళొస్తాయి. గర్భగుడి గడప దాటి నీళ్ళు లోపలికి అడుగు పెట్టేదాకా పూజ జరుగుతుంది. మోకాళ్ళ నీళ్ళలో నిలబడి హారతి ఇవ్వడం చూసినా. ఆ తర్వాత శిఖరం ఒకటే మిగిలితే పడవలో పోయి శిఖరానికి పూజ చేస్తారు. అదీ మునిగితే మళ్ళీ ఏడాదే.

ఏటా మా నాయనను తోలుకుపోతా. గుడికి దణ్ణం పెట్టుకుంటాడు గానీ ఎక్కువసేపు ఉండడు. చెప్పులు చేతిలో పట్టుకుని ఒండ్రులో ఊరి వైపు నడుస్తాడు. మా ఊరు గుడి కన్నా పల్లంలో ఉంది, అది తేలదు. నీటి అంచు దాకా పోయి ఆగుతాడు. "ఇంకో పది అడుగులు దిగితే చావడి అరుగు" అంటాడు. ఈ మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నా. పది అడుగులు ఎప్పుడూ దిగలేదు.

అలంపురం_మాస్టారు

నాయనా నల్లమల, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

నేను చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ మాట ఇక్కడ చెప్పాల్సిందే. శ్రీశైలం నీళ్ళలో మునిగే గుళ్ళని అన్నిటినీ వదిలెయ్యలేదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఒకటి ఉండేది (మీ సంగమేశ్వరం వేరు, ఇది వేరు, చాలామంది కలిపేస్తారు). దాన్ని రాయి రాయీ విప్పి, లెక్క తప్పకుండా తెచ్చి, మా అలంపురంలో మళ్ళీ పేర్చారు. పాపనాశి గుళ్ళ గుంపుని కూడా అట్లాగే తరలించారు. నవబ్రహ్మ ఆలయాలకి నీళ్ళు తగలకుండా చుట్టూ కట్ట కట్టారు. రూపాల సంగమేశ్వరం అనే ఇంకో గుడి కర్నూలు జగన్నాథ గట్టు ఎక్కింది. ఇవాళ అక్కడికి వెళ్ళి చూసేవాడికి అది గుట్ట మీద పుట్టిన గుడే అనిపిస్తుంది. నది ఒడ్డున పుట్టిందని ఎవరికి తెలుసు?

దానికి ముందే నాగార్జునకొండ ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి లోయ మొత్తం నాగార్జునసాగర్ కింద పోతుందని 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, ముఖ్యమైనవాటిని కొండ మీదికీ, ఒడ్డున అనుపుకీ చేర్చారు. అనుపులో మెట్ల మెట్ల రంగస్థలం కూర్చుని చూసే తీరికలో ఉంటుంది, అసలు దాని చోటు నీళ్ళ అడుగున. కొండేమో దీవి అయిపోయింది. లాంచీ ఎక్కితే తప్ప మ్యూజియం చూడలేం. ఆ మ్యూజియాన్ని బౌద్ధ విహారం తీరులో కట్టారు.

చేపలు, బుట్టలు సరదాగానే ఉన్నాయి, కాదనను. వాటిని వింతగా ఉండాలనే కట్టారు. ఈ గుళ్ళని కట్టినవాళ్ళు ఊరి మధ్యలో, నది పక్కన, అందరూ వచ్చే చోట కట్టారు. అవి తమంతట తాము కదల్లేదు. చుట్టూ ఉన్నదే కదిలింది.

కట్టుబడి

మాస్టారూ, ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకున్నాను, నా థీసిస్ గైడ్‌కి చూపిస్తా.

నల్లమల అన్నా, ఆ వేపలింగం గురించి ఒక డౌటు. చెక్క పూర్తిగా నీళ్ళలోనే ఉంటే కుళ్ళదు. గాలి అందకపోతే బూజు పట్టదు కాబట్టి. వెనిస్ నగరం వందల ఏళ్ళుగా చెక్క గుంజల మీదే నిలబడింది. కానీ ఏడాదికోసారి తడిసి, ఏడాదికోసారి ఎండలో ఆరితే చెక్కకి అంతకంటే శిక్ష లేదు. పగుళ్ళిచ్చి పోవాలి. ఇది ఎలా తట్టుకుంటోంది?

నల్లమల_నీడ

అది గర్భగుడి లోపల నీడలో ఉంటుంది తమ్ముడూ, ఎండ నేరుగా తగలదు. పైగా ఒండ్రు పేరుకుని ఉంటుంది, అది తీసి కడిగేదాకా తడే. ఇంత కంటే నాకు సైన్సు రాదు. చేత్తో తాకితే గట్టిగానే ఉంటుంది, రాయి అనే అనుకుంటావు.

కొలంబస్_కోడలు

నేనీ థ్రెడ్ సరదాకి తెరిచాను. రాత్రి పన్నెండైంది ఇక్కడ, పడుకోలేకపోతున్నాను. ఎలా వెళ్ళాలి అక్కడికి? జనవరిలో వస్తున్నాం.

నల్లమల_నీడ

జనవరిలో ఏముండదక్కా, నీళ్ళు. మార్చి దాటినాక రండి. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ముచ్చుమర్రి వైపు రోడ్డుంది. తెలంగాణ నుంచైతే కొల్లాపూర్ పక్కన సోమశిల నుంచి పడవ. పడవలో లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు, సిగ్గుపడకుండా అడగండి. మధ్యాహ్నం పోవద్దు, నీడకి ఒక్క చెట్టు లేదు. నాకు మెసేజ్ పెట్టండి, మా నాయన వస్తాడు తోడు.

పెంకుటిల్లు

నేను కూడా వస్తాను. మా నాన్నని కూడా తీసుకొస్తాను. వాళ్ళిద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

సాగరతీరం

నాకు ఒక సీటు. మురీ మిక్చర్ నేను తెస్తా.

కైకలూరు_చెరువు (మంగళవారం ఉదయం)

మూడు రోజుల నుంచి చూస్తున్నానండి. రాయచ్చా రాయకూడదా అని. అందరూ పెద్ద పెద్ద విషయాలు మాట్లాడేశారు గానీ మొదటి పోస్టులో పిల్లాడడిగిన దానికి ఒక్కరూ జవాబివ్వలేదు.

పద్దెనిమిదేళ్ళ నుంచి చేపల చెరువులండీ మావి. ఆ బిల్డింగ్ ముందు అరగంట నిలబడి చూశాను, సెక్యూరిటీ అబ్బాయి ఏం కావాలని కూడా అడిగాడు. కొరమీను కాదండి. కొరమీను ఒళ్ళు పాములా పొడుగ్గా గుండ్రంగా ఉంటుంది, దీనికి పొట్టుంది. బొచ్చెకి తలకాయ పెద్దది, నోరు ఆకాశం వైపు తిరిగి ఉంటుంది, దీనికి అలా లేదు. శీలావతి అందామంటే నోరు చిన్నదిగా కిందికి ఉండాలి. గడ్డిచేప కాదు, ఫంగస్ (పంగాసియస్ చేప) అసలే కాదు, దానికి మీసాలుంటాయి. రూప్‌చంద్ అయితే పళ్ళెంలా ఉంటుంది.

ఇది చెరువు చేపా కాదు, సముద్రం చేపా కాదు. ఇంజనీరు చేప. కానీ ఒకటండి, బరువు చూసి చెప్తున్నా, మేత బాగా వేశారు.

మెహదీపట్నం_బస్సు

అన్నా, మేనల్లునికి చదివి వినిపించిన. "ఇంజనీరు చేప ముల్లు ఉంటదా మామా?" అని అడుగుతున్నడు. కట్టుబడీ, ఇది నీకే.